కవరు పారేయకు బాబూ

...రెండేళ్లలో ఓడే తయారైపోతుంది. అడుగు రేకు పరిచిన రోజు నుంచి రంగు పూసి నీళ్లలోకి దించేదాకా రెండేళ్లు. షిప్‌యార్డు వెల్డరు సత్యానికి ఆ సంగతి బాగా తెలుసు. ఒక పెళ్లికొడుకుని ఒక దేశంలోకి రానివ్వడానికి అంతకన్నా ఎక్కువ పడుతుందా?

ప్రేమలీల ఇంగ్లండులో నర్సు. సత్యంతో నిశ్చితార్థం చేసుకుని వెళ్లింది. పెళ్లి అక్కడి చర్చిలో. మద్రాసులోని బ్రిటిష్ ఆఫీసు నుంచి వీసా వస్తేనే సత్యం వెళ్లేది.

కోపం ఎవరి మీద చూపాలో తెలియని మనిషికి లోకమంతా తనను చూసి నవ్వుతున్నట్టే ఉంటుంది. కొందరు నిజంగానే నవ్వేవారు.

"ఏటి బావా, అత్తోరింటికి ఎప్పుడెళ్తన్నావ్?" అనేవాడు పక్కన పనిచేసే త్రినాథరావు. "సారె కట్టీసినావా? సలిమిడి మర్సిపోకు!"

సత్యం ముసుగు దించుకుని నిప్పురవ్వల వెనక దాక్కునేవాడు.

శనివారం మధ్యాహ్నం పని కాగానే తిన్నగా కంచరపాలెం పోస్టాఫీసుకి పోయేవాడు. పోస్ట్‌మ్యాన్ తెచ్చేదాకా ఆగలేక. మెట్ల మీదే కవరు అంచు చింపి, ఉత్తరం చదివేవాడు.

మెట్ల పక్కన గొడుగులు బాగుచేసే ముసలివాడొకడు కూర్చునేవాడు.

"కవరు పారేయకు బాబూ. నాకిచ్చీ."

"ఎందుకు?"

"రాణిగారి బొమ్మ స్టాంపు కదా. మా మనవడికి."

మొదట ఇచ్చాడు. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత చిరాకైంది. ఎందుకంటే ఉత్తరం రాని శనివారాల్లో కూడా ముసలివాడు తలెత్తి చూసేవాడు.

"రానేదా బాబూ?"

త్రినాథరావు ఎగతాళికన్నా ఆ జాలి ఎక్కువ మండించేది.

ఒక వాన శనివారం ఉత్తరం వచ్చింది. మధ్యలో ఒక్క వాక్యం. 'నువ్వసలు గట్టిగా ప్రయత్నిస్తున్నావా?'

సత్యం ఆ వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదివాడు.

"బాబూ, కవరు..."

"నా బతుకు నీ మనవడికి ఆటబొమ్మా?"

కవరుని నాలుగు ముక్కలుగా చింపి కాలవలోకి విసిరాడు.

"ఏరుకో! ఫో, ఏరుకో!"

ముసలివాడు చేతిలోని గొడుగు పక్కన పెట్టి, వానలోకి దిగి, నాలుగు ముక్కలూ ఏరాడు.

"అలా సింపీకు బాబూ. మళ్లీ కావాలంటే దొరకదు."

సత్యం వెనక్కి చూడలేదు. ఎవరినో ఒకరిని ఓడించినట్టు, రోడ్డు మలుపు దాకా హాయిగా ఉంది. మలుపు తిరిగాక లేదు.

తర్వాత అటు వెళ్లడం మానేశాడు.

మూడు నెలలకు మద్రాసు నుంచి కాగితం వచ్చింది. పదో తేదీన ఇంటర్వ్యూ. సంబంధం నిజమైనదని రుజువుగా ఆమె రాసిన ఉత్తరాలు, పోస్టు ముద్ర ఉన్న కవర్లతో సహా తేవాలి.

ఉత్తరాలన్నీ పెట్టెలో ఉన్నాయి. ఒక్కదాని మీదా తేదీ లేదు. ప్రేమలీల పైన 'బుధవారం' అని రాస్తుంది, అంతే. ఏ బుధవారమో ఆ దేవుడికి తెలియాలి.

కవర్లు ముసలివాడి దగ్గరున్నాయి. మనవడికని స్టాంపు కత్తిరించి ఉంటే ముద్ర కూడా పోయుంటుంది. అయినా పోస్టాఫీసుకి పరుగెత్తాడు. మెట్ల పక్కన ఎవరూ లేరు.

"గొడుగుల దాలయ్యా?" అన్నాడు లోపలి గుమాస్తా. "బర్మా క్యాంపులో అడగండి."

దాలయ్య గదికి తాళం. పక్కింటామె నూకాలు చేట పక్కన పెట్టి, సత్యాన్ని ఎగాదిగా చూసింది.

"రాణిగారి కవర్ల బాబువి నువ్వేనా? పెద్దయ్య పోయి ఇరవై రోజులయిపోనాది. నువ్వొత్తావని సెప్పినాడు."

లోపలికెళ్లి బిస్కెట్ల డబ్బా తెచ్చింది.

అందులో రెండేళ్ల కవర్లు, తేదీల వరసలో. ఒక్క స్టాంపు కూడా కత్తిరించలేదు. నాలుగు ముక్కలైన కవరు గంజితో అతికించి, ముద్ర దగ్గర గీత గీతకీ కలిపి ఉంది.

"మనవడికి ఇవ్వలేదా?"

"మనవడేటి బాబూ! ఆ ముసిలోడికి పెళ్లామే దక్కనేదు."

సత్యం డబ్బాతో అరుగు మీద కూర్చున్నాడు.

"అరవై నాలుగులో మనోళ్లని రంగూను నుంచి తోలీసినారు కదా. ఆయన పెళ్లాం బర్మా మనిషి. ఆవిడ్ని ఆ దేశపోళ్లు ఒగ్గనేదు. ఆవిడ్ని రప్పించమని ఈయన ఇక్కణ్నుంచి అర్జీ ఎట్టినాడు. నీ పెళ్లామేనని రుజువేటన్నారు. ఉత్తరాలు సూపించినాడు. కవర్లేవన్నారు. స్టాంపులు ముద్దుగున్నాయని క్యాంపులో పిల్లగుంటలకి కత్తిరించి పంచీసినాడు."

"మరి నాతో ఆ ముక్క ఎందుకు చెప్పలేదు?" సత్యం గొంతు అప్పుడు కూడా కోపంగానే వచ్చింది. అది ఎవరి మీదో ఈసారి బాగా తెలుస్తోంది.

"అడిగినాను బాబూ. పెళ్లికి ఎదురుసూసీవోడికి నా కత సెప్పకూడదే నూకాలూ, అన్నాడు."

డబ్బా అడుగున మరో కట్ట ఉంది. రంగూన్ కవర్లు. పాతవాటికి మూలన స్టాంపు మేరకు చిల్లులు. అన్నిటికన్నా పైనున్నది మాత్రం ఇంకా విప్పలేదు.

"అది ఆయన పోయినాక వచ్చినాది," అంది నూకాలు. "పాపం, ఆవిడకి ఎవలు రాత్తారు?"

కవరు వెనక ఇంగ్లీషులో చిరునామా. పంపినవారి పేరు: 'మా ఖిన్, దాలయ్య భార్య.'

సత్యం పోస్టాఫీసు మెట్ల దగ్గరికి తిరిగి వచ్చాడు. గొడుగులవాడి చోట కూర్చున్నాడు. రంగూన్ కవరు పక్కన ఉంచి, తెల్ల కాగితం మోకాలి మీద పెట్టుకుని, అన్నిటికన్నా ముందు, పైన తేదీ వేశాడు.