గవర్రాజు నమిలిన కౌలు కాగితం

చైత్ర శుద్ధ సప్తమి, మంగళవారం. పొద్దున నాలుగు చినుకులు రాలి, ఆపైన ఎండ చుర్రుమంది. బొగ్గుబట్టీ నడిపే ఉడుము రెండు కాగితాలు పట్టుకుని పందికొక్కు గవర్రాజు కలుగు దగ్గరికి వచ్చింది.

"గవర్రాజు గారూ, మీ కలుగు అడుగున నేల ఊరికే పడి ఉంది. కౌలుకిస్తే మా బట్టీ పొగ అందులో దాచుకుంటాం. ఏడాదికి రెండు బస్తాల వేరుశనక్కాయలు."

"పొగ పైకొస్తేనో?"

"ఆ రోజే కౌలు రద్దు. అదీ రాశాం, చదువుకోండి."

గవర్రాజు చదువుకున్నవాడే. కుర్రతనంలో నాలుగేళ్లు కాలేజీ లైబ్రరీలో ఉన్నాడు. ఎవరూ అడక్కపోయినా ఆ సంగతి చెప్పేవాడు. పందికొక్కులకు చదవడమంటే నమలడమే గనక న్యాయశాస్త్రమంతా పూర్తిచేశాడు. అట్ట మాత్రం కొరుకుడు పడక ఇంటికి తెచ్చుకున్నాడు.

"ఆ అడుగున నేనుంటున్నాను తాతా," అంది మట్టిలోంచి తల బయటపెట్టిన వానపాము.

"నీ దగ్గర కాగితం ఉందా?" అని నవ్వి, గవర్రాజు రెండింటి మీదా వేలిముద్ర వేశాడు. తన వంతు కాగితాన్ని ఎంతో శ్రద్ధగా, చివరి అక్షరం దాకా చదివేశాడు.

రెండు నెలలకే కింది గదిలోకి పొగ వచ్చింది. పిల్లలు దగ్గుతుంటే గవర్రాజు బట్టీకి పరుగెత్తాడు.

"పొగ పైకొస్తే కౌలు రద్దని రాసుకున్నాం కదయ్యా!"

"అలాగా? మీ కాగితం చూపించండి," అంది ఉడుము.

గవర్రాజు పొట్ట నిమురుకుంటూ ఇంటికొచ్చాడు.

ఆయన పోయాక పై గది కూతురికి వచ్చింది. న్యాయశాస్త్రం అట్ట కొడుక్కి వచ్చింది. పొగకు వదిలేసిన కింది గదీ, దాని అడుగు నేలా ఉడుము మనవలకు దక్కాయి. వానపాముకు ఏమీ రాలేదు.