లైన్ క్లియర్

“ఆ మెయిన్ స్విచ్ ముట్టకు!”

జగన్నాథం కేకకు మొగులయ్య చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. శాలిబండ గల్లీ అంతా లైట్లు వేసుకుంది. ఈ ఒక్క ఇంట్లోనే కందీలు వెలుగుతోంది.

“పొద్దుగూకింది సార్. అమ్మ చీకట్ల వంట జేస్తున్నది.”

“సీమోను లైన్ క్లియర్ తీసుకున్నడు. వాపసియ్యలేదు. తీసుకున్నోడే వాపసియ్యాలె. నీకు నేర్పింది నేనే గదా?”

“మీరే సార్.”

నేర్పడం కాదు, నూరిపోశాడు. పల్లెల సహకార విద్యుత్ సంఘాల్లో నిబంధనలు సరిగా పాటిస్తున్నారో లేదో చూసే సేఫ్టీ ఆఫీసరుగా జగన్నాథం ఉద్యోగమంతా ఆ ఒక్క ముక్కే చెప్పాడు. స్తంభం ఎక్కేవాడు ముందు కరెంటు ఆపించుకోవాలి. అదే లైన్ క్లియర్. పని చేసి దిగాక తనే సబ్‌స్టేషన్‌కు చెప్పి వాపసివ్వాలి. అప్పటిదాకా ఎవరు మొత్తుకున్నా స్విచ్ వేయకూడదు.

అలాంటి మనిషే స్విచ్ వేయించాడు. సెల్‌ఫోన్లు లేని రోజులు. తనిఖీకి వెళ్లిన సబ్‌స్టేషన్‌లో ఫోన్ మోగితే తనే ఎత్తాడు. “సీమోను మాట్లాడుతున్న సార్. లైన్ క్లియర్ వాపస్” అని వినిపించింది. కరెంటు ఇమ్మన్నాడు. సీమోను ఇంకా స్తంభం మీదే ఉన్నాడు.

స్తంభం మీద ఉన్నవాడు ఫోన్ ఎట్లా చేస్తాడయ్యా అని విచారణలో అడిగారు. మరెవరో చేశారంటే, ఎవరని నిలదీశారు. తన తప్పు చచ్చినవాడి మీదికి నెడుతున్నాడని ఉద్యోగం ఊడబీకారు. సీమోను భార్య రాహేలు వచ్చి ఈ గడప ముందే దుమ్మెత్తిపోసి వెళ్లింది. ఆ రోజు మెయిన్ దించిన జగన్నాథం మళ్లీ ఎవరినీ ఎత్తనివ్వలేదు. పిచ్చి పట్టిందని గల్లీ తేల్చేసింది.

తోటి ఆఫీసర్లంతా మొహం చాటేశారు. సీమోను పనిచేసిన గ్యాంగు మేస్త్రీ మొగులయ్య ఒక్కడే ఆ ఇంటిని వదల్లేదు. వచ్చినప్పుడల్లా మందులో మాకులో తెచ్చిస్తాడు, జగన్నాథం ముందు తల వంచుకుని కూర్చుంటాడు. ఎంత మంచోడో అనుకునేది ఆయన భార్య రమాబాయి.

ఇవాళ ఆమె అతన్ని వంటింటి వైపు పిలిచింది.

“మొగులయ్యా, నువ్వు అందరి గొంతుల్ల మాట్లాడి నవ్విస్తవని సీమోను బతికున్నప్పుడు రాహేలు చెప్పేది. సీమోను లెక్క ఒక్కసారి వాపసని చెప్పరాదా? సార్ నమ్ముతడేమో.”

మొగులయ్య మొహం పాలిపోయింది. “వద్దమ్మా! చచ్చినోని గొంతు... నాతోని గాదు.”

“నాకింక చాతనైతలేదయ్యా. ఈ చీకట్లనే ఇద్దరం సచ్చిపోతం. నీ కాళ్లు మొక్కుత.”

నిజంగానే వంగబోయింది. మొగులయ్య గబుక్కున ఆమె చేతులు పట్టుకుని బావురుమన్నాడు.

“గా దినం నేను ఊర్లనే ఉన్నమ్మా. పొలాలెండుతున్నయని రైతులు మీదికొచ్చిన్రు. మస్తు లొల్లి. సీమోను దిగిండనే అనుకున్నం.”

“ఏడ్వకు బిడ్డా. అండ్ల నీ తప్పేమున్నది?”

మొగులయ్య కళ్లు తుడుచుకుని గల్లీలోకి నడిచాడు. తలుపు దగ్గరికి వేసింది రమాబాయి. బయట కాసేపు దగ్గు వినిపించింది. ఆ తర్వాత అచ్చం సీమోనే.

“సీమోను మాట్లాడుతున్న సార్. లైన్ క్లియర్ వాపస్.”

లోపల కుర్చీ కిర్రుమంది. జగన్నాథం గోడ తడుముకుంటూ వెళ్లి మెయిన్ ఎత్తాడు. బల్బు వెలిగింది. రమాబాయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

“బతికించినవు మొగులయ్యా, బతికించినవు!”

జగన్నాథం తలుపు తీశాడు. వెలుగు మొగులయ్య మొహం మీద పడింది. ఆ మొహాన్ని చూస్తూ మెల్లగా అన్నాడు.

“ఆ దినం ఫోన్ల విన్నది గిదే గొంతు.”