ఉప్పుబావికి వచ్చిన అతిథి

"రెండు బిందెలూ ఖాళీ. నీళ్లేమయ్యాయి అత్తయ్యా?"

అత్తగారు బియ్యంలో లేని రాళ్లు ఏరుతూ తలెత్తలేదు.

"ఒక బిందె నేనే తీశాను. ఏదో అవసరమొచ్చింది."

"మరి రెండోదానికి కాళ్లొచ్చాయా?"

"ఆ సంగతి నాకు తెలీదమ్మా. నేను తీసింది ఒక్కటే."

ప్రెసిడెంటమ్మకు ఒళ్లు మండింది. దీవి మొత్తానికి నీళ్లు సమంగా పంచేది ఆమె. ఆమె ఇంట్లోనే నీళ్లు మాయమైతే ఎవరికి చెప్పుకోవాలి? నీళ్ల పడవ మళ్లీ వచ్చేదాకా ఆ రెండు బిందెలే దిక్కు. మంచం మీద గుర్రుపెడుతున్న మొగుణ్ణి లేపి అడిగితే "ఏ బిందె?" అని అటు తిరిగి పడుకున్నాడు. ఈ ఇంట్లో అడిగి లాభం లేదని గొణుక్కుంటూ, గుమ్మం దగ్గరున్న బురద చెప్పుల్ని కాలితో బల్ల కిందికి తోసి, వేరే జత వేసుకుని రేవుకి బయల్దేరింది. ఆ నెలంతా వాన చుక్క పడలేదు. వీధి పొడిగా దుమ్ములేస్తోంది.

ఆ రోజు నీటి ఆఫీసరు వస్తున్నాడు. దీవిలో ఉన్నది ఒక్కటే బావి. ఏటికేడు ఉప్పెక్కి, ఆ నీళ్లు నోట పెట్టుకోలేనట్టు తయారయ్యాయి. తాగే నీళ్లు పడవలో రావాలి. సముద్రం బాగోలేకపోతే పడవ రాదు. కిందటి వానాకాలం అలా ఆగిపోయినప్పుడు ఆసుపత్రిలో చుక్క నీళ్లు లేక, నొప్పులు పడుతున్న మనిషిని ఆ పోటులోనే చేపల పడవ ఎక్కించారు. దారిలోనే కాన్పయింది. తల్లీ బిడ్డా దక్కారు కాబట్టి సరిపోయింది.

అప్పట్నుంచి ప్రెసిడెంటమ్మ కాళ్లరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే మిషను ఒకటి ఉందని, బావి నీళ్లు తాగడానికి పనికిరావని ఆఫీసరు తేల్చితే ఆ మిషను ఈ దీవికే ఇస్తామని వాళ్లు చెప్పారు. అందుకే బావి జోలికి ఎవరూ వెళ్లొద్దని ఊరందరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఆయన ఉమ్మేస్తే ఉమ్మేయనివ్వండి. అందుకేగా పిలుస్తున్నాం."

అందరూ తలలూపారు గానీ మొహాలు వేలాడేశారు. మన ఊరొచ్చిన మనిషి మన నీళ్లు ఉమ్మేస్తే చూస్తూ ఎలా నిలబడతామని బడి మాస్టారు నసిగాడు. సిగ్గుపడితే నీళ్లు రావని ఆమె కసిరింది. సిగ్గంటే ఏమిటో ఆమెకు తెలియక కాదు. సంబంధం మాట్లాడటానికి వచ్చిన రోజున ఆమె తండ్రి ఈ బావి నీళ్లే నోట్లో పోసుకుని, ఉమ్మలేక మింగలేక, బుగ్గలు పొంగించుకుని వియ్యపురాలి ఎదుట కూర్చున్నాడు. ఆ మొహం తలుచుకుంటే ఇప్పటికీ ఆమె చెవులు వేడెక్కుతాయి.

ఆఫీసరు నెమ్మదైన మనిషి. బావి గట్టున బురద తప్పించుకుంటూ వెళ్లి, బాల్చీతో నీళ్లు తోడించి ఉప్పు కొలిచే మీటరు ముంచాడు. చూసి, మళ్లీ ముంచాడు. తర్వాత దోసిట్లో పట్టి తాగాడు. ప్రెసిడెంటమ్మ ఆయన బుగ్గల వైపే చూసింది.

ఆయన ఇంకో దోసిలి తాగాడు.

"మా ఇంటి కుళాయి నీళ్లకన్నా బాగున్నాయమ్మా. ఇంత మంచి బావి ఉండగా మిషనెందుకు?"

ఆమె బతిమాలింది. నిన్నటిదాకా ఇవి ఉప్పునీళ్లేనంది, రేపొక్కసారి చూడమంది. ఆయన నవ్వి, మిషను పక్క దీవికి పంపిస్తానని, ఇటు మళ్లీ వచ్చే ఏడాదే రావడమని చెప్పి, దారిలో తాగడానికి సీసా నింపుకుని మరీ పడవెక్కాడు.

పడవ కనుమరుగయ్యాక ఆమె జనం వైపు తిరిగింది.

"ఎవరు పోశారు?"

అందరికన్నా ముందు అత్తగారే బయటపడింది.

"ఒక్క బిందె పోశానమ్మా. ఆ రోజు మీ నాన్న మొహం చూసినదాన్ని. మళ్లీ అలాంటి మొహం చూడలేననిపించింది."

మాస్టారు కూడా ఒక బిందె పోశాడట. నర్సు ఆసుపత్రికని దాచిన క్యాను ఒంపేసిందట. ఆ తర్వాత ఒక్కొక్కరే బయటపడ్డారు. తను పోసే బిందెడు నీళ్లకే బావి మారిపోతుందా అనుకున్నారు అందరూ. ఇప్పుడు తాగడానికి ఏ ఇంట్లోనూ నీళ్లు లేవు, బావి రేపటికి మళ్లీ ఉప్పెక్కుతుంది.

ప్రెసిడెంటమ్మకు ఏడుపొచ్చింది. దాని వెనకే నవ్వు రాబోయింది, దాంతో కోపం రెట్టింపయింది.

"మీ మర్యాదలు మండిపోను. వచ్చే వానాకాలం ఆ మర్యాదే తాగండి."

ఇంటికొచ్చాక అత్తగారికి అనుమానమొచ్చింది. "అంతా సరే, మన రెండో బిందె ఎవరు పోసినట్టు?" అంటూ కొడుకు వైపు చూసింది.

"నన్ను చూస్తావేం? నేను లేచిందే పడవ హారనుకి."

"ఒప్పుకుంటే నీ సొమ్మేం పోతుందిరా?"

అతను ఒట్టు పెట్టుకున్నాడు. తల్లి నమ్మలేదు. ప్రెసిడెంటమ్మ మాత్రం ఇద్దరికీ వీపు తిప్పి, బల్ల కిందినుంచి చెప్పులు లాగి, వాటికంటిన బావి గట్టు బురద గీకి, ఎండలో పెట్టింది.

అవి ఆమె చెప్పులే.