అంకెకు మాట

చిలకలూరిపేట దగ్గరి మిర్చి కోల్డ్ స్టోరేజీలో గదుల పరిస్థితి చెప్పే తెర మీద అంకెలే కనిపించేవి. ఒక్కో పరిస్థితికి ఒక్కో అంకె చొప్పున, సి ప్రోగ్రామ్‌లో ఎనమ్‌గా రాసిన అంకెలవి. వాచ్‌మన్ బుల్లయ్యకు వాటి అర్థం తెలియదు. ఆ సాయంత్రం ఇంజనీరు స్తుతి వచ్చి, ప్రతి అంకెకూ తెలుగు మాట ఇచ్చే ఫంక్షన్ రాసింది. చీకటి పడ్డాక దాన్ని మెషీన్లోకి ఎక్కించగానే తెర మీద మాటలు వెలిగాయి.

'రెండో గది: లోపలి ఆపద బటన్ నొక్కారు.'

"ఇందాకట్నుంచీ అయిదంకే చూపిస్తా ఉందమ్మా. చలి లెక్కేమో అనుకున్నా," అన్నాడు బుల్లయ్య.

ఇద్దరూ పరుగెత్తి తలుపు లాగారు. లైటు వెలుగులో, టిక్కీలుగా కట్టిన మిర్చి బస్తాల వెనక, కూలీ పున్నమ్మ ఒక్కతే పడి ఉంది. ఊపిరి ఆడుతోంది. బయటికి మోసుకొచ్చి దుప్పటి కప్పారు. తను రాసిన ఒక్క మాట ప్రాణం నిలబెట్టిందని స్తుతి గుండె ఉప్పొంగింది.

"సమయానికి బటన్ నొక్కావు పిన్నీ," అంది.

"నేనెక్కడ నొక్కాను? కాలు కదిలితేగా," అంది పున్నమ్మ వణుకుతూ. "ఆ మూల నిలబడ్డామె నొక్కింది. ఆమెను గూడా తీసుకురండమ్మా."

బుల్లయ్య అప్పటికే గది మూసి తాళం వేశాడు. స్తుతి తాళంచెవి కోసం చెయ్యి చాచింది.