ఎదురింటి సీసీ కెమెరా

"తలుపు తీస్తావా, బద్దలు కొట్టమంటావా?"

అతను ఎదురింటి తలుపును అరచేత్తో బాదుతున్నాడు.

వెనకాల అతని భార్య గోడకి ఆనుకుని నిలబడింది. చెప్పులు కూడా వేసుకోలేదు. ఎనిమిదింటికల్లా ఆమెకి ఇంజెక్షన్ పడాలి. ఫ్రిజ్‌లో దాచుకున్న ఆ ఇంజెక్షనే ఇప్పుడు లేదు.

ఆమెకి పీసీఓఎస్. అండాశయాల నిండా నీటి బుడగలే తప్ప అండం పక్వానికి రావడమే అరుదు. మందులు మింగి, నోరు కట్టుకుని, తెల్లారకముందే లేచి నడిస్తే ఎప్పుడో ఒకటి ఎదుగుతుంది. ఈసారి ఎదిగింది. ఆడపడుచు ఇంట్లో రెండు రోజులుండి, వస్తూ వస్తూ స్కానింగ్ చేయించుకుంటే డాక్టర్ ఒకటే మాటంది.

"ఈ రాత్రి ఇంజెక్షన్ పడకపోతే ఇదీ పోయినట్టే."

చల్లదనం తప్పితే పనిచెయ్యని, ఆర్డరిస్తే గానీ దొరకని మందు. అది వచ్చేసరికి అండం ఉండదు.

"నేను ముందే మొత్తుకున్నా, దీనికి తాళం చెవి ఇవ్వొద్దని," అంది అత్తగారు. "కుళాయి బాగుచేసేవాడి కోసం ఇల్లంతా అప్పజెప్పారు. పిల్లాజెల్లా లేని మనిషి. ఇంకొకత్తె కడుపు పండుతుంటే చూసి ఓర్చుకుంటుందా?"

ఎదురింటావిడ ఒంటరిది. మెట్ల మీద అలికిడైతే చాలు, తలుపు సందులోంచి తొంగి చూసేది. అందుకే అతను ఆవిడకి సీసీ కెమెరా అని పేరు పెట్టాడు.

తలుపు తెరుచుకుంది. ఆవిడ జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. చేతిలో రంగు వెలిసిన నీలం సంచి ఉంది.

"స్నానంలో ఉన్నా, మీరొచ్చింది వినబడలేదు. దీని కోసమేగా అమ్మాయీ? చల్లగానే ఉంది, జాగ్రత్త."

"చూశావట్రా, ఎంత గుండె ధైర్యమో!" అంది అత్తగారు.

"మా ఇంట్లో మందు మీ ఇంటికి నడిచొచ్చిందా?" అన్నాడతను.

"నేనే తెచ్చా బాబూ. మీరెళ్ళిన సాయంత్రం కుళాయి మనిషికి తలుపు తీస్తే వంటింట్లో కాలికి నీళ్ళు తగిలాయి. మీ ఫ్రిజ్ ఆగిపోయి ఉంది. ఫోన్ చేద్దామంటే నాకు మీ నెంబరెప్పుడూ ఇవ్వలేదు."

అతని నోరు ఒక్క క్షణం మూతపడింది. మళ్ళీ తెరుచుకున్నప్పుడు గొంతు ఇందాకటికంటే పెద్దదైంది.

"అబద్ధం! లోపల ఫ్రిజ్ గుర్రుమంటోంది, వినబడట్లేదా? కరెంటు పోతే మీకూ పోవాలిగా?"

"పోవాలి. కానీ మాకు పోలేదు," అందావిడ, అతని కళ్ళలోకి చూస్తూ.

భార్య చెయ్యి చాచింది. "ఇలా ఇవ్వండి పిన్నిగారూ, టైమైపోతోంది."

"ముట్టుకోకు!" అత్తగారు అడ్డం వచ్చింది. "అందులో ఏం కలిపి పెట్టిందో!"

"అమ్మ చెప్పింది నిజమే," అంటూ అతను సంచి పట్టుకుని లాగాడు. ఆవిడ వదల్లేదు. మళ్ళీ లాగాడు.

సంచి మెట్ల మీద పడింది. గాజు చిట్లిన చప్పుడు చాలా చిన్నది.



ఎదురింటావిడ వంగి సంచిలోంచి చెదిరిన గాజు పెంకులు ఏరడం మొదలుపెట్టింది.

"వెనక్కి జరుగమ్మాయీ, కాళ్ళకి గుచ్చుకుంటాయి," అంది. తర్వాత తలెత్తకుండానే అడిగింది. "ఇంతకుముందు వేసుకున్నవి కూడా ఊరెళ్ళొచ్చాకేనా?"

భార్య వెనక్కి తిరిగి తమ గుమ్మం వైపు చూసింది.

అవును. ప్రతిసారీ మందు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టేది. సెలవులొస్తే అందరూ ఆడపడుచు ఇంటికి వెళ్ళేవాళ్ళు. వచ్చాక వేసుకునేది. నెల తిరిగేసరికి ఆశ కాస్తా కరిగిపోయేది. అప్పుడల్లా అత్తగారిది ఒకటే పాట. "మందుల తప్పేముంది? దొంగ ఒళ్ళు నీది. నెలనెలా మోసం చేస్తోంది."

ఆమె తమ ఇంట్లోకి పరిగెత్తింది.

ఫ్రిజ్ తలుపు తీస్తే లైటు వెలిగింది. ఐసు ట్రే లాగగానే నీళ్ళు తొణికి మణికట్టు మీద పడ్డాయి. పాలగిన్నె మూత తీస్తే పుల్లటి వాసన గుప్పుమంది. ఊరెళ్ళొచ్చినప్పుడల్లా పాలు ఇలాగే విరిగిపోయేవి. ఎండలు కదా అని అతను తేల్చేసేవాడు.

అందరూ సామాన్లతో కిందికి దిగాక తాళం వేసి వచ్చేది అతనే. తిరిగొచ్చాక ముందుగా లోపలికి వెళ్ళేదీ అతనే. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకిందాకా నిద్రపోడు. షార్ట్ సర్క్యూటై కొంప అంటుకుంటుందని భయం. ఎంత జాగ్రత్తో నా కొడుక్కి, అని అత్తగారు మురిసిపోయేది.

ఆమె గుమ్మం పక్కన గోడకున్న మెయిన్ స్విచ్ వంక చూసింది. బయటికి వచ్చింది.

"ఏమండీ, ఊరెళ్ళేటప్పుడు మెయిన్ ఆపేశారా?"

అతను నేల చూపులు చూశాడు.

"ప్రతిసారీనా?"

"అదీ... జాగ్రత్త కోసం... ఫ్రిజ్ సంగతి ఇందాక ఆవిడ అనేదాకా తట్టలేదు."

"తట్టాకే కదా సంచి లాగారు?"



ఆమె మెట్ల మీది తడి సంచి తీసింది. దాని మీద సగం చెరిగిపోయిన ఆస్పత్రి ముద్ర ఉంది. ఇంజెక్షన్ కొన్నప్పుడల్లా తనకిచ్చే సంచి మీద ఉండేదీ ఆ ముద్రే.

"ఇది మీదా పిన్నిగారూ?"

"ఒకప్పటిది," అందావిడ గాజుపెంకులు అరచేతిలో పోగేసుకుంటూ. "నాకెలాగూ పనికి రాలేదు. నీకైనా వస్తుందనుకున్నా."

లోపల గోడగడియారం ఎనిమిది కొట్టింది.

"ఇంతకీ దొంగెవరంటావే?" అత్తగారు గద్దించింది.

"ఈవిడ కాదత్తయ్యా. నా ఒళ్ళూ కాదు. మీ అబ్బాయి."