చౌడయ్య జబ్బు

ఇలా జరగండర్రా, నా మోకాలికి ఆనుకుని కూర్చోండి. ఇది గట్టిగా చెప్పే కథ కాదు.

బెజవాడకి బొగ్గు బస్సులు తిరిగే రోజులు. చల్లపల్లిలో మా సాలెల వీధిలో చౌడయ్య, రాఘవమ్మ అని ఆలుమగలు ఉండేవారు. ఇద్దరికీ ఒకటే మగ్గం. పొద్దున ఆయన నేస్తే, మధ్యాహ్నం ఆవిడ నేసేది.

రాఘవమ్మకి చక్కెర జబ్బు. ఆ సంగతి తెలిసిన రోజున ఆవిడ చేసిన హంగామా ఇంతా అంతా కాదు. మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుంది. చెవి కమ్మలు చెల్లెలి కూతురికి, పట్టుచీర ఆడపడుచుకి ఇచ్చేసింది. నోట్లో తులసి తీర్థం పొయ్యమంది. అన్నం ముట్టదు. సూది దగ్గరికి రానివ్వదు.

"పోయేదాన్ని, నన్నెందుకు పొడుస్తారు?" అనేది.

ఆవిణ్ణి లేపి కూర్చోబెట్టేసరికి చౌడయ్యకి తల ప్రాణం తోకకొచ్చింది. లేచాక కూడా సూది వద్దంది, బెల్లం డబ్బా మాత్రం వదల్లేదు.

ఆ మరుసటేడు ఇద్దరికీ దగ్గు పట్టుకుంది. బెజవాడ ఆస్పత్రిలో కృపానందం డాక్టరుగారు చూశారు.

"మగ్గం ఒకటే సరే, పోగుని అటూ ఇటూ లాక్కెళ్ళే నాడె కూడా ఒకటేనా?"

"ఒకటేనండి."

"నాడె కంట్లోంచి పోగు బయటికెలా తీస్తారు?"

"నోటితో పీలుస్తామండి. మా వాళ్ళందరూ అంతేనండి."

డాక్టరుగారు తల పట్టుకున్నారు. ఒకరి ఎంగిలి ఒకరు మింగుతున్నట్టే గదా! ఇద్దరి కఫమూ పరీక్షకి తీసుకుని పంపించారు.

ఫలితం కనుక్కోవడానికి చౌడయ్య ఒక్కడే వెళ్ళాడు. తిరిగొచ్చి గుమ్మం బయటే నిలబడిపోయాడు.

"ఏమన్నారయ్యా?"

"క్షయట."

"ఎవరికి?"

చౌడయ్య గట్టిగా దగ్గాడు. "ఇంకెవరికే, నాకే."

ఆ రోజుల్లో క్షయ అంటే పాడె కట్టుకోవడమే. రాఘవమ్మ మళ్ళీ మంచమెక్కుతుందని వీధి వీధంతా అనుకుంది. ఆవిడ కొంగు బిగించింది.

"నేనుండగా నువ్వెలా పోతావో నేనూ చూస్తాను!"

చౌడయ్యంత మొండి రోగిని ఎవరూ చూసి ఉండరు. నర్సు దానమ్మ, ఓడమీద దొరల సీమ నుంచి కొత్తగా దిగిన క్షయ సూదిమందు పట్టుకొస్తే చాలు, వసారా స్తంభాన్ని కావలించుకునేవాడు.

"అమ్మో, నాకు భయం! ముందు దానికి పొడవండి."

"రోగం నీకైతే నాకెందుకయ్యా?"

"చక్కెర ఉన్న ఒంట్లో క్షయ తేలిగ్గా కాపురం పెడుతుందమ్మా," అనేది దానమ్మ. "నీకూ పడాల్సిందే. చక్కెర సూది కూడా."

"ఛీ, మగాడివై ఉండి! ఇదిగో, చూడు!" అని రాఘవమ్మ జబ్బ చాపేది.

చౌడయ్య మాత్రం తన వంతు వచ్చేసరికి సిగ్గంటూ దానమ్మని పెరట్లోకి తీసుకుపోయేవాడు. ఆ కేకలు వీధి చివరిదాకా వినబడేవి.

ఒకటా రెండా ఆయన పేచీలు! "నువ్వు బెల్లం మానితేనే నేను మందు మింగుతా." బెల్లం డబ్బా మా ఇంటికొచ్చేసింది. "నువ్వు గాలికి వసారాలో పడుకుంటేనే నాకు నిద్ర." ఆవిడ మంచం వసారాలోకి మారింది. "నువ్వు పని మానితేనే నాకు స్థిమితం." ఆవిడ మగ్గం దిగింది. కంచాలు వేరయ్యాయి, నాడెలు వేరయ్యాయి.

"నీ ప్రాణం నిలబెట్టడానికి నా ప్రాణం తీస్తున్నావు గదయ్యా!" అని తిడుతూనే అన్నీ చేసింది మహాతల్లి.

వరి కోతలనాటికి ఇద్దరూ మళ్ళీ బెజవాడ వెళ్ళారు. డాక్టరుగారు ఎక్స్‌రే ఫొటోలు వెలుతురుకి పట్టి చూసి, "ఇంక భయం లేదు, పోయిరండి," అన్నారు.

బస్సులో రాఘవమ్మ నోరు మూయలేదు. ఎక్కినవాళ్ళకీ దిగినవాళ్ళకీ ఒకటే మాట, "మొగుణ్ణి యముడి చేతిలోంచి లాక్కొచ్చానండీ!" బతికినన్నాళ్ళూ అదే చెప్పుకుంది. చౌడయ్య పక్కనుండి, "అంతా దీని చలవేనండి," అనేవాడు.

ఇదంతా గుర్తుపెట్టుకుని మీ పిల్లలకీ చెప్పండర్రా, కాకపోతే ఆవిడ పోయాక దానమ్మ నా చెవిన వేసిన ఈ ఒక్క ముక్కా ఆఖరున చెప్పండి: చౌడయ్యకి ఉత్త దగ్గు తప్ప ఏనాడూ ఏ జబ్బూ లేదు, డాక్టరుగారికి క్షయ పురుగు కనబడింది రాఘవమ్మ కఫంలో.