కొత్త కంప్యూటరు, పాత ప్రింటరు

“పొద్దు గూకేలోపల చీటీ రాకపోతే కంప్యూటర్నూ నిన్నూ ఒకే బండికెత్తి పంపిస్తా, దుర్గప్పా!” అని సావుకారు విసవిసా వెళ్లిపోయాడు.

ఆదోని పత్తి మిల్లులో పాత కంప్యూటరు కాలిపోతే, పట్టుబట్టి వేరే కంపెనీది కొనిపించింది గుమాస్తా దుర్గప్పే. కొత్తది లెక్కలన్నీ బాగానే కడుతోంది. పాత ప్రింటరుతో మాత్రం పొసగడం లేదు. కాగితం నిండా పిచ్చిగీతలు. బయట ఆలూరు రైతులు తూకం చీటీల కోసం కేకలేస్తున్నారు.

“కంగారు పడొద్దప్పా,” అన్నాడు మాబు సాబ్. బెంగళూరు నుంచి మిషన్లు తెచ్చి బిగించే మనిషి. “నాది తీగలు కలిపే పని. ప్రింటరును నడిపే ప్రోగ్రాం మా చెల్లెలిది. ఆమె కాగితం మీద రాసి పోస్టులో పంపుతాది, నేను మిషన్లోకి ఎక్కిస్తా. ఎమ్మిగనూరు పోయి పిల్చుకొచ్చినా.”

అతని చెల్లెలు అజీమున్నీసా కంప్యూటరుకు కాస్త ఎడంగా, చేతులు కట్టుకుని నిలబడింది.

“కూచోమ్మా,” అన్నాడు దుర్గప్ప.

“వద్దన్నా. నువ్వే కొట్టు, నేను సెప్తా.”

పెద్ద పనివాళ్లంతా ఇంతే, చెయ్యి పెట్టరు అనుకున్నాడు దుర్గప్ప.

“ప్రింటరుకు మాట పోయే తలుపు నంబరు ఈ మిషన్ పుస్తకంలో యాడుందో సూడు.”

వెతికి చెప్పాడు.

“మిషన్ పెద్ద అంకెను రెండు ముక్కలు చేసి పెట్టుకుంటాది గదా. ఏ ముక్క ముందు?”

“చిన్నది ముందంట.”

“పాతదాంట్లో పెద్దది ముందు. ఒకరు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒకరు ఎనక రాస్తారు. మనిషి మారతాడా?”

“ఐతే ప్రోగ్రామంతా తిరగరాయల్లా?” అన్నాడు దుర్గప్ప.

“యాలన్నా? ప్రింటరు అదే, చీటీ అదే. మిషన్‌తో పనుండే మాటలన్నీ ప్రోగ్రాంలో ఒక మూలకు పెట్టినా. ఆ మూల మార్చు, సాలు. తక్కింది ముట్టుకోవద్దు.”

ఆమె చెప్పింది. అతడు కొట్టాడు. పట్టుమని పది వరుసలు లేవు. ప్రింటరు ఒకసారి గుర్రుమంది, ఆగింది, ఆపైన గబగబా అచ్చు వేసింది. రైతు పేరు, ఊరు, తూకం. వంకర లేదు, తప్పు లేదు.

దుర్గప్ప చీటీ చింపి చేతిలోకి తీసుకున్నాడు.

“రేపు ఇంకో కంపెనీది తెస్తే?”

“ఆ మూల మారిస్తే పాయె.”

సావుకారు తిరిగొచ్చి చీటీ అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. “బతికిపోయినావు పో,” అన్నాడు.

“ఒక మిషన్‌కు రాసింది ఇంకోదాంట్లో నడవదంటారే,” అన్నాడు దుర్గప్ప. “నీకెట్లా తోచిందమ్మా?”

“మిషన్ ఎట్లుంటాదో నాకేం తెలుసన్నా? అందుకే దాన్ని నమ్ముకోలా.”

ఎంత అణకువ! దుర్గప్ప చేతులు జోడించాడు. “ఇట్లాంటి కంప్యూటర్లు ఎన్ని చూసింటావో తల్లీ!”

అజీమున్నీసా వినలేదు. కళ్లు పెద్దవి చేసుకుని, వెలుగుతున్న కంప్యూటరు అద్దాన్ని వేలి కొనతో మెల్లగా తాకుతోంది.

మాబు సాబ్ గొంతు తగ్గించాడు.

“ఇదే మొదటిది.”